కామ్‌ఫాలో ఒక షిఫ్టు

పొద్దున ఆరింటికి శోభ నల్లా కింద బిందె పెట్టి, స్టవ్ మీద చాయ్ గిన్నె పెట్టింది. బిందె సగం నిండేసరికి సదానందం గొంతు వినబడింది.

"చారుల ఉప్పు ఎక్కువైంది. రోజూ చెప్పాల్నా నీకు?"

సదానందం ఇంట్లో లేడు. రాత్రి పదింటికి అన్నం తిని, ఆ మాట అని, బండెక్కి డ్యూటీకి పోయాడు. గోదావరిఖని బొగ్గుబాయిలో ఆయన పంపు ఆపరేటర్. ఆయన శోభతో ఏదైనా అంటే అది శోభకు ఎనిమిది గంటల తర్వాత, అంటే సరిగ్గా ఒక షిఫ్టు గడిచాక వినబడుతుంది. పెళ్లయిన రెండో ఏటి నుంచీ అంతే. మిగతా వాళ్లకు ఆయన మాట అనగానే వినబడుతుంది. శోభ మాట కూడా ఆయనకు అనగానే వినబడుతుంది.

"రెండుసార్లు పోసుకొని తిన్నవ్. అప్పుడు తెల్వదా?" అని శోభ నల్లాతో అంది.

కాలనీలో ఇది అందరికీ తెలిసిందే. గేటు దగ్గర సదానందం ఏదైనా అంటే పక్క క్వార్టర్ పూలమ్మ "శోభా, మీ ఆయన సిలిండర్ బుక్ చెయ్యమంటుండు" అని గోడ మీది నుంచి అందించి తన పనిలో పడేది. కూతురు మమత ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇద్దరి మధ్యా కూర్చొని నాయన మాట అమ్మకు చెప్పేది. కారం ఎక్కువున్న మాటైతే కొంత తగ్గించి చెప్పేది. మమత పుణెకు ఉద్యోగానికి పోయాక ఆ పని చేసేవాళ్లు లేరు. ముఖ్యమైన పని మాటలు ఫోన్లో రాసుకునేవాళ్లు. కోపాన్ని, చిన్నాచితకా మాటల్ని మాత్రం సదానందం అలవాటుగా నోటితోనే అని పోయేవాడు. అది శోభకు అందేసరికి ఆయన భూమిలోపలన్నా ఉండేవాడు, గురకన్నా పెట్టేవాడు. శోభ ఎవరితో కొట్లాడాలి? తను అడిగినదానికి జవాబు వెంటనే రాదు, వచ్చినప్పుడు మనిషి ఉండడు. ఆయనకేమో, ఎదురుగా ఉండి కూడా ఈమె పలకదని మంట.

రెండేళ్లు చూసి, శోభ మంచిర్యాలలో తన అన్న ఇంటి వెనక వీధిలో ఒక గది మాట్లాడుకుంది. జాకెట్లు కుట్టుకుంటూ అక్కడే ఉంటానని మమతకు ఫోన్లో చెప్పింది. వారం తర్వాత మమత, గోదావరిఖనిలో టూర్లు నడిపే జలాలుద్దీన్ దగ్గర వియత్నాంకు రెండు సీట్లు రాయించింది.

"పెండ్లయి పాతికేండ్లాయె. ఒక్కసారి ఇద్దరు పోయి రాండ్రి. ఆ తర్వాత నీ ఇష్టమమ్మా" అంది.

మొదటి మూడు రోజులు క్వార్టర్లో ఎట్లా ఉండేదో అక్కడా అట్లాగే ఉంది. హనోయ్‌లో చెరువు గట్టు మీద శోభ "ఫొటో దిగుదాం, జర నవ్వు బావా" అంటే సదానందం ఏదో అన్నాడు. నవ్వలేదు. ఆ అన్నదేమిటో ఆమెకు హోటల్ మంచం మీద, ఆయన గురక పెడుతుండగా తెలిసింది: "కాళ్లు గుంజుతున్నయ్, జల్ది కానియ్." శోభ గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు పొద్దున, ముందు రాత్రి చేరిన ఇంకో ఊరి నుంచి బస్సు పడవలెక్కే రేవుకు బయలుదేరింది. దారిలో కామ్‌ఫా అనే ఊళ్లో చాయ్‌కి ఆగింది. అది బొగ్గు ఊరు. దూరంగా నల్లటి గుట్టలు, వాటి మీది నుంచి సముద్రం దాకా బొగ్గు మోసే బెల్టు. సదానందం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, గుట్టల వైపు నడుచుకుంటూ పోయాడు. పిలిస్తే వినబడనంత దూరం పోయాడు. శోభ చెప్పులు చేత్తో పట్టుకొని వెనకాల ఉరికింది. ఆయన్ని తీసుకొని వచ్చేసరికి బస్సు లేదు. ఇద్దరూ వెనక సీట్లో ఉన్నారనుకొని, జట్టుతో వచ్చిన జలాలుద్దీన్ బండి పోనిమ్మన్నాడు.

"అక్కా, మాఫ్ చెయ్యి. వెనక్కొస్తే పడవ పోతది, పన్నెండు మంది ఆగం అయితరు" అన్నాడు ఫోన్లో. "ఆ హోటల్లనే కూసోండ్రి. అయిదున్నరకు వస్త."

శోభ ఫోన్ పెట్టేసి, ఊరు కాని ఊళ్లో రోడ్డు మీద నిలబడి అరిచింది.

"ఖనిల చూసింది చాలలేదా బొగ్గు? సముద్రం చూపిస్తరని వచ్చిన నేను. పాతికేండ్లల నాకోసం ఒక్క పూట ఆగినవా నువ్వు?"

సదానందం ఏదో అన్నాడు. చెయ్యి ఊపుతూ, మొహం ఎర్రగా చేసుకొని అన్నాడు. అని చేతి గడియారం చూసుకున్నాడు. అది ఆయన అలవాటు. ఎనిమిది ముప్పావు.

ఇద్దరూ హోటల్లోకొచ్చి చెరో బల్ల దగ్గర కూర్చున్నారు. అది నూడుల్స్ చారు పోసే చిన్న హోటల్. నడిపే ఆవిడ వీళ్లను చూసి, ఏమీ అడగకుండా రెండు గిన్నెలు తెచ్చి ఒకే బల్ల మీద పెట్టింది. చేసేదేం లేక శోభ ఆ బల్ల దగ్గరికి మారింది.

మధ్యాహ్నానికి షిఫ్టు దిగిన కార్మికులు వచ్చారు. సదానందం వాళ్ల టోపీ దీపం చూపించి, తన నుదురు తట్టి చూపించాడు. వాళ్లకు అర్థమైంది. ఒక నడివయసు మనిషి పక్కనే కూర్చొని చేతులతో మాట్లాడాడు: ఎంత లోతు, ఎన్ని నీళ్లు. సదానందం కూడా చేతులతోనే చెప్పాడు. నవ్వాడు. మాటల్లేకుండా తన మొగుడు అంత ముచ్చట పెట్టగలడని శోభకు తెలియదు.

రెండున్నరకు శోభ ఉన్నట్టుండి తల ఎత్తింది. సదానందం అప్పుడే ఆమె వైపు చూశాడు. ఆమె కనుబొమలు లేచాయి, మొహం మొత్తం కొంచెం ముందుకొచ్చి దేనికోసమో ఆగింది. తర్వాత అట్లాగే దిగిపోయింది.

ఏమైందని ఆయన చెయ్యి తిప్పాడు.

"ఏం లేదు. నువ్వే. షేవింగ్ సబ్బు యాడ పెట్టినవ్ అంటున్నవ్."

పొద్దున ఆరున్నరకు అడిగాడు. సదానందం ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. తన మాట ఆమెకు అందడం ఆయన ఎన్నడూ చూడలేదు. అందేవేళకు ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేవాడు. ఇప్పుడు మూడు గంటల దాకా ఆయన మాటలు ఒక్కొక్కటే వచ్చాయి: తువ్వాల ఇయ్యి, లిఫ్టు యాడుంది, జల్ది నడువు. ప్రతిసారీ ఆ మొహం ముందు లేచింది, తర్వాత దిగింది. పాతికేళ్లుగా వంటింట్లో, నల్లా దగ్గర, కుట్టు మిషన్ ముందు ఇదే జరిగి ఉంటుంది.

ఫోన్ తీసి రాసి చూపించాడు: 'ఎప్పుడన్న మంచి మాట వచ్చిందా?'

శోభ చదివి, బల్ల మీది తడిని వేలితో తుడిచింది.

"ఒక్కటొచ్చింది. నాకు గర్భసంచి ఆపరేషన్ అయిన నాడు. పొద్దున నన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు నువ్వేదో అన్నవ్. నాకు తెలివొచ్చినంక, సాయంత్రం వచ్చింది. 'భయపడకు, నేనున్న' అని. చుట్టూ చూసిన బావా. కుర్చీ ఖాళీగుంది. నువ్వు రెండో షిఫ్టుకు పోయినవ్. నేనున్న అంటున్నవ్, నువ్వు లేవు. పక్క మంచం ముసలవ్వ నాకు నీళ్లు తాపింది."

సదానందం ఏమన్నా ఆమెకు ఇప్పుడు అందదు. అప్పుడు ఎనిమిది ముప్పావు గుర్తొచ్చింది. గోడ గడియారం చూశాడు. నాలుగు దాటింది.

ఫోన్లో రాశాడు: 'నాలుగు ముప్పావుకు ఒక మాట వస్తది. పాడు మాట. ఇనకు.'

"చెవులు మూసుకుంటె ఆగదు. నేను మూసుకొని చూసిన" అంది శోభ. "ఎంత పాడుది?"

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

నాలుగున్నరకు ఆ నడివయసు కార్మికుడు బండి తాళం చూపించి, గుట్టల వైపు వేలు చూపించి, రమ్మని సైగ చేశాడు. బాయి గేటు దాకా తీసుకుపోతాడట. సదానందం కుర్చీలోంచి సగం లేచాడు. పోతే, ఎప్పటిలాగే ఆ మాట వచ్చే వేళకు తను ఉండడు. శోభ ఆయన్ని ఆపలేదు. సంచి ఒళ్లో పెట్టుకొని ద్వారం వైపు చూస్తూ కూర్చుంది, ఆయన పోతాడని తెలిసిన మనిషిలాగా.

సదానందం ఆ మనిషికి దండం పెట్టి కూర్చున్నాడు.

నాలుగు ముప్పావుకు శోభ మొహం లేచింది. ఆయన చూపు తిప్పుకోలేదు. "నీ అసొంటి దాంతోని వచ్చుడు నాదే తప్పు. మంచిర్యాల పోతవట గదా, పో. నువ్వు పోతె ఇల్లు సుకంగుంటది." ఏ మాట దగ్గర ఏమవుతుందో ఆయనకు తెలుసు. పెదవి వణికింది, మెడ నరం లేచింది. ఆయనకు తెలియదని తను అనుకున్న గది సంగతి ఆయనకు తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అయిపోయింది" అంది.

తర్వాత తిట్టింది. ఏడ్చుకుంటూ, బల్ల గుద్దుకుంటూ, హోటలావిడ చారు గరిటె పట్టుకొని నిలబడి చూస్తుండగా, పాతికేళ్లది తిట్టింది. సదానందం లేవలేదు. గడియారం చూడలేదు. ఆయన కళ్లలోంచి నీళ్లు చొక్కా మీద పడుతుంటే తుడుచుకోలేదు. తిట్లు అయ్యాక గ్లాసులో నీళ్లు పోసి ఆమె ముందుకు జరిపాడు. ఆమె చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత తాగింది.

అయిదున్నరకు బస్సు వచ్చింది. కూర్చున్నాక సదానందం ఆమె వైపు వంగి మాట్లాడాడు. ఒక మాట కాదు. బస్సు ఊరు దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు సీట్లో జలాలుద్దీన్‌కు అంతా వినబడింది. ఆయన గొంతు సవరించుకొని వెనక్కి తిరిగాడు.

"అక్కా, అన్న ఏమంటుండో నేను చెప్పాల్నా?"

"వద్దు తమ్మీ. నా చెవులతోని నేనే ఇంట."

"రాత్రి ఒకటిన్నర అయితదక్కా."

"కానియ్" అంది శోభ. భర్త వైపు తిరిగి, "అప్పటిదాక పండుకున్నవో, చూడు" అంది.

తెల్లవారి హోటల్లో నాస్తా దగ్గర శోభ మంచిర్యాలకు ఫోన్ చేసి, గది ఇంకెవరికన్నా ఇచ్చుకొమ్మని చెప్పింది. ఎందుకమ్మా అని అవతలివాళ్లు అడిగితే, మా ఇంట్లనే కుట్టుకుంట అంది. సదానందం ఎదురుగా కూర్చున్నాడు. రాత్రంతా మేల్కొని కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె మాట ఆయనకు అనగానే వినబడింది.