మూత పట్టే బొమ్మ

పెళ్లాం వదిలేసి వెళ్లిపోయిన దగ్గర్నుంచి తమ్ముడు గదిలోంచి బయటికి రావడం లేదు. వాడికి ప్రాణమైన జపాన్ కప్పు నూడుల్స్ తెప్పించాను. వాటితోపాటు, కప్పు మూతను అదిమిపట్టే చిన్న నీలం బొమ్మ కూడా వచ్చింది. వేడి తగిలి అది తెల్లబడితే నూడుల్స్ ఉడికినట్టు.

కప్పులో మరిగే నీళ్లు పోసి, మూత మీద బొమ్మను పెట్టి, వాడి గుమ్మం ముందు కూర్చున్నాను.

"ఒరేయ్, బొమ్మ తెల్లబడింది. తలుపు తియ్యరా."

లోపల్నుంచి జపాన్ కార్టూన్ అరుపులే వినిపించాయి.

"నీకు చాకిరీ చెయ్యడానికే పుట్టాననుకున్నావా? చల్లారిందంటే నీ నెత్తిన పోస్తా!"

వాడు కార్టూన్ సౌండు పెంచాడు.

నూడుల్స్ ఉబ్బి ముద్దయ్యాయి. బొమ్మ మళ్లీ నీలమైంది.

తిట్టుకుంటూనే వెళ్లి ఇంకో కప్పుకి నీళ్లు మరగబెట్టాను. ఈ ఇంట్లో నేను ఏం చేసినా కాస్త మారేది ఆ బొమ్మ ఒక్కటే.