గనోళ్ళ కొట్టాల బావి

రామగిరి బంగారు గనులు మూతపడినాక, పని పోయిన ముగ్గురు కలిసి ఒక ఊరు కట్టినారు. కాపు చౌడప్ప, బోయ ఓబులేసు, మాదిగ నాగన్న. భూమి లోపల ఒకే దీపం వెలుగులో పని చేసి, ఒకే కడవ నీళ్ళు తాగి బతికినవాళ్ళు. ధర్మవరం పోయే దారిలో, గుట్ట పక్కన, ఎవరికీ పట్టని రాళ్ళ బీడులో మూడు కొట్టాలు వేసుకున్నారు.

బీడు పొలం కావాలంటే బావి కావాల. రాతిని పగలగొట్టడం వాళ్ళకు కొత్తగాదు. నాగన్న రాతిలో తూటా మందు కూరి అంటించేవాడు. పగిలిన రాయిని చౌడప్ప, ఓబులేసు పైకి చేరవేసేవాళ్ళు. ఓబులేసు పెళ్ళాం తిప్పమ్మ, నాగన్న పెళ్ళాం రామక్క మట్టి మోసేవాళ్ళు. రెండో ఎండాకాలం ఆఖర్న బండ చీలి నీళ్ళు ఎగదన్నినాయి. తిప్పమ్మ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, దోసిలి పట్టి మొదట రామక్కకు తాపింది.

ఎద్దులతో నీళ్ళు తోడను కపిల కట్టినారు. తోలు బాన నాగన్నే కుట్టినాడు. రాగులు, మిరప, వంకాయ పండినాయి. ధర్మవరం సంతలో మగ్గాలోళ్ళ ఆడవాళ్ళు "గనోళ్ళ కొట్టాల వంకాయలు వచ్చినాయా?" అని అడిగి మరీ కొనేవాళ్ళు. ఆ పేరు విని చిలమత్తూరు వైపు నుంచి కూడా సంసారాలు దిగినాయి. కొట్టాలు పోయి మిద్దెలు లేచినాయి. చౌడప్ప మిద్దె అన్నిటికన్నా ఎత్తు.

అతని కొడుకు గంగాధరకు తాడిమర్రి నుంచి పెద్దింటి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి గోవిందరాజులు ఊరు చూడను వచ్చినాడు. బావికాడ నిలబడి, నీళ్ళు చేదుతున్న రామక్కను చూసి, "ఆయమ్మ ఎవురు?" అని అడిగినాడు. మాదిగ నాగన్న పెళ్ళామని తెలుసుకున్నాక చౌడప్ప ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా బండెక్కినాడు.

ఆ సాయంత్రం ఊరంతా ఉండగా చౌడప్ప బావికాడికి వచ్చినాడు.

"నాగన్నా, రేపట్నుంచి మీవాళ్ళు బావి తాకొద్దు. కడవలు దూరంగా పెడితే మావాళ్ళు పోస్తారు."

నాగన్న ఎగతాళి అనుకున్నాడు. "ఏమబ్బా చౌడా, కల్లు తాగినావా ఏమి?"

"చౌడా అనొద్దు. పదిమందీ వింటాండారు."

నాగన్న ఓబులేసు వైపు చూసినాడు. ఓబులేసు ఎద్దు మెడకు తాడు కడుతున్నాడు. ముడి పడినా ఇంకా కడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చినాక తిప్పమ్మ మొగుణ్ణి పట్టుకునింది. "నోరు పడిపోయిందా నీకు? ఒక్క మాట అనకూడదా?"

"ఊరికి ఎదురుపోయి యాడ బతుకుతామే?"

"ఊరెవురు? మనమే గదా ఊరు!"

ఓబులేసు పక్కకు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి నాగన్న, రామక్క మూటలు ఎత్తుకున్నారు. తిప్పమ్మ చేట నిండా రాగులు తీసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది. రామక్క ఆగలేదు. "నీళ్ళ కాడ నోరు రానోళ్ళ రాగులు నాకెందుకక్కా," అనేసి నడిచింది.

గంగాధర పెళ్ళి మేళతాళాలతో ఘనంగా జరిగింది.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. వెంబడే రెండేండ్లు వానలు మొండికేసినాయి. బావిలో నీళ్ళు అడుగంటినాయి. ఇంకా లోతు చేయకపోతే పైరు దక్కదు.

"నాగన్నను పిలుద్దామప్పా. ధర్మవరంలోనే ఉండాడు," అన్నాడు ఓబులేసు, శానా దినాలకు నోరు తెరిచి.

"వాడు బావిలో దిగాల గదా మళ్ళీ! మా వియ్యంకునికి తెలిస్తే మొగం యాడ పెట్టుకోవాల?"

చౌడప్ప యాడినుంచో వేరేవాళ్ళను పిలిపించినాడు. వాళ్ళు ఆ రాతి సంగతి తెలియక మందు ఎక్కువ కూరినారు. పేలుడుకు ఊరు అదిరింది. ఒకపక్క గోడ కూలింది, అడుగు బండ నెర్రె బారింది. మిగిలిన కాసిన్ని నీళ్ళూ ఆ నెర్రెలోకి దిగిపోయినాయి. తెల్లారి చూస్తే ఒట్టి బురద.

ఒకరెనక ఒకరు ఊరు విడిచినారు. కొందరు మిలిటరీ పనులున్నాయని బెంగళూరు పోయినారు, పోతూపోతూ తలుపులు పీక్కొని అమ్ముకున్నారు. గంగాధర అత్తగారింటికి చేరినాడు. చౌడప్ప ఒక్కడే కూలిన మిద్దెల నడుమ మేకలు కాస్తూ మిగిలిపోయినాడు.

ఓబులేసు ధర్మవరం స్టేషన్లో మూటలు మోసినాడు. తిప్పమ్మ ఒక మగ్గాలోళ్ళ ఇంట్లో పట్టు దారాన్ని కండెలకు చుట్టింది. ఒకనాడు సంతలో రామక్క ఎదురుపడింది. జుట్టు నెరిసింది. నాగన్న కంకర కొట్టే పనిలో ఉన్నాడంట.

"బావి పాయనంట గదా," అనింది రామక్క.

"పాయ."

"ఆ మాట విని మాయన నవ్వినాడు తిప్పక్కా. శానాసేపు నవ్వినాడు. అట్లా నవ్వే మనిషి గాదు. నాకు భయమేసింది."

రామక్క గంప నెత్తికెత్తుకుని జనంలోకి వెళ్ళిపోయింది.

ఇంటికాడ సంగటి ముద్ద ముందు కూర్చున్న ఓబులేసుతో, రామక్క కనపడిందని మాత్రం చెప్పింది.

"నాగన్న బాగుండాడంటనా?"

"ఈ ఊర్లోనే ఉండాడు. నువ్వే పోయి అడుగు."

ఓబులేసు ముద్ద తుంచుకుని తిన్నాడు. అతను ఆ రోజూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు.