నందివర్ధనాల దొంగ

రోజూ తెల్లారేసరికి తన గోడవార నందివర్ధనానికి ఒక్క పువ్వూ మిగలడం లేదని అచ్యుతరావు అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడు.

"దేవుడి పేరు చెప్పి దొంగతనాలా! వీళ్ళ మొహాలు టీవీలో చూపిస్తా" అంటూ ఏలూరులో కెమెరాల షాపు నడిపే అయాజ్‌ని పిలిపించాడు. ఏ కంపెనీది మంచిదో తేల్చుకోవడానికి రెండు రకాలు పక్కపక్కనే బిగించమన్నాడు.

మర్నాడు ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. మొదటి కెమెరాలో ఎవరో ఆడమనిషి గోడమీంచి చెయ్యి చాచి పక్కింటి మందారాలు కోస్తున్నట్టు మసగ్గా కనిపించింది. రెండోదాంట్లో ముక్కుపుడకతో సహా కనిపించింది. ఆవిడ అచ్యుతరావు భార్య వెంకటనరసమ్మ.

"మన పూలు ఊరంతా కోసుకుపోతే నా పూజకి ఎక్కణ్ణించి తేవాలండీ?" అని వంటింటి గుమ్మంలోంచి ఆవిడే గయ్యిమంది.

అచ్యుతరావు పళ్ళు కొరికాడు.

"ఆ రెండోది పీకెయ్యవయ్యా అయాజ్! మసకదే ఉంచు."