మాట్లాడితే ఓడిపోయినట్టే

సైరన్‌ని కనిపెట్టినవాడెవడో గానీ, వాడికి పిల్లలుండి ఉండరు. సౌదీలోని రాస్ తనూరాలో, ఆ చిన్న ఆసుపత్రిలో అది మోగినప్పుడల్లా పిల్లల వార్డు మొత్తం ఏడుపందుకునేది. కువైట్ కోసం మొదలైన యుద్ధం తన నెత్తిమీదికి వస్తుందని నర్సు దయావతి కలలో కూడా అనుకోలేదు. నరసాపురం నుంచి ఇంత దూరం వచ్చింది సూదిమందులు వెయ్యడానికి గానీ, విషవాయువుకి దడుచుకుంటూ కిటికీలకి ప్లాస్టిక్ అతికించడానికి కాదు.

సైరన్ కంటే పిల్లల్ని ఎక్కువ భయపెట్టింది గ్యాస్ మాస్కు. నల్లటి రబ్బరు, గాజు కళ్లు, మూతి దగ్గర గాలి వడకట్టే డబ్బా. దాన్ని చూస్తే దయావతికే తొడుక్కోబుద్ధయ్యేది కాదు. ఇక పిల్లలు తొడుక్కుంటారా?

తొడిగించింది అంపారో. ఆవిడది స్పెయిన్. పిల్లలకి కథల పుస్తకాలు రాయడమే ఆవిడ పని. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊళ్లో పుట్టిందట. తండ్రి పడవ రావడం ఆలస్యమైనప్పుడల్లా అమ్మమ్మ చెప్పిన కథలే తనకి ధైర్యమిచ్చేవని చెప్పేది. భర్త ఇక్కడి రిఫైనరీలో ఇంజనీరు. కంపెనీ ఇళ్లుండే కాంపౌండ్‌లోని తెల్లవాళ్లు చాలామంది విమానాలెక్కి వెళ్లిపోయినా ఆవిడ మాత్రం కదల్లేదు. “కథ సగంలో వదిలేసి పోవడం నాకు చేతకాదు సిస్టర్,” అంది వచ్చీరాని ఇంగ్లీషులో. రోజూ సాయంత్రం వార్డుకొచ్చి, అంతకంటే వచ్చీరాని అరబ్బీలో కథ చెప్పేది. మాట తట్టకపోతే దయావతి అందించేది.

మాస్కుల కోసం ఆవిడ సముద్రం అడుగున ఉండే పిల్లల కథ అల్లింది. వాళ్లకి గాజు కళ్లు, డబ్బా మూతులు. పైన పెద్ద చేప అరిస్తే కదలకుండా, నోరు మెదపకుండా కూర్చోవాలి. మాట్లాడితే ఓడిపోయినట్టే. ముందు తనే మాస్కు తొడుక్కుని చూపించింది. అంతే, మర్నాటి నుంచి సైరన్ మోగితే వార్డులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. దయావతి మనసులోనే ఆవిడకి దండం పెట్టుకుంది. అల్లరి లేని పిల్లల వార్డు దొరికితే ఏ నర్సుకి మాత్రం చేదు?

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం దగ్గర్లోని ఖతీఫ్ ఊరి నుంచి హలీమా అనే పిల్లని చేర్చారు. ఆరేళ్లది, ఉబ్బసం. చేతులనిండా గోరింటాకు. ఆ పిల్ల కోసం కొత్త మాస్కు తెచ్చి మంచం పక్కన పెట్టారు. కథ వినగానే హలీమా ఆటలో చేరిపోయింది, అందరికంటే తనే గెలుస్తానంది. కాసేపటికే సైరన్ మోగింది.

దయావతి హడావుడిగా ఒక్కొక్కరికీ మాస్కు బిగించింది. చివర్లో హలీమాకి, ఆ తరవాత తనకి. ఎక్కడో దూరాన ధబ్బుమని పేలింది. కిటికీల ప్లాస్టిక్ ఒక్కసారి ఉబ్బి అణిగింది. తన ఊపిరి తనకే బుస కొట్టినట్టు వినిపిస్తుంటే, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన కూడా గుర్తు రాలేదు. పిల్లలంతా బొమ్మల్లా కూర్చున్నారు. అందరికంటే బుద్ధిగా కూర్చుంది హలీమా.

మరీ అంత బుద్ధిగా ఉండటం దయావతికి నచ్చలేదు. దగ్గరికెళ్లి గోళ్లు చూసింది. నీలంగా మారాయో లేదో గోరింటాకు తెలియనివ్వలేదు. రబ్బరు మాత్రం రెండు బుగ్గలకీ పీక్కుపోయి ఉంది. చేత్తో తడిమితే డబ్బాకి బిగించిన ప్లాస్టిక్ మూత తగిలింది. తొడిగే ముందు పీకెయ్యాల్సిన మూత. తనే మర్చిపోయింది. పక్కల్లోంచి దూరే కాస్త గాలితోనే ఆ పిల్ల ఇంతసేపూ నోరు మెదపకుండా కూర్చుంది.

దయావతి పై ప్రాణాలు పైనే పోయాయి. మూత పీకబోతే వేళ్లు జారిపోయాయి. మాస్కు తీసేద్దామంటే, బయట గాలిలో విషం ఉందో లేదో ఎవరికి తెలుసు. లోపల గాలి లేదని మాత్రం తెలుసు. దేవుడా అనుకుని మాస్కు ఊడలాగింది.

హలీమా పెదవులు నల్లబడి ఉన్నాయి. దయావతి తన మాస్కు కూడా తీసి పారేసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. అంపారో కూడా తన మాస్కు తీసేసి పరిగెత్తుకొచ్చి, పిల్ల పాదాలు రుద్దుతూ తన భాషలో ఏదో గొణిగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అది కథ కాదని దయావతికి తెలిసింది.

చాలాసేపటికి హలీమా దగ్గింది. కళ్లు తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“దగ్గేశాను. ఓడిపోయానా?” అని అడిగింది.

దయావతి మంచం కోడు పట్టుకుని కూలబడి భోరున ఏడ్చేసింది. “మూత మర్చిపోయింది నేను మేడమ్,” అంది.

“నోరు మూయించింది నేను,” అంది అంపారో. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. హలీమా మీదికి వంగి, “కథ తప్పు చెప్పాను తల్లీ. ఊపిరాడకపోతే సముద్రపు పిల్లలు అరుస్తారు. ముందు అరిచినవాళ్లే గెలిచినట్టు. ఇవాళ నువ్వే గెలిచావు,” అంది.

ఆ రోజు నుంచి సైరన్ మోగితే దయావతి ప్రతి డబ్బానీ తడిమి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. మాస్కుల్లోంచి కేకలే కేకలు.

యుద్ధం ముగిశాక అంపారో తన దేశం వెళ్లిపోయింది. కొన్నాళ్లకి అక్కణ్ణుంచి ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. చివరి బొమ్మలో సముద్రం అడుగున ఒక పిల్ల, చేతులకి గోరింటాకుతో, నోరు బార్లా తెరిచి అరుస్తోంది. దయావతి దాన్ని చూడగానే గబుక్కున లేచి వార్డులోకి వెళ్లింది. మధ్యాహ్నం వేళ, పిల్లలు చప్పుడు లేకుండా నిద్రపోతున్నారు. ఒక్కొక్కరినీ తట్టి లేపడం మొదలుపెట్టింది.

గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నర్సు శాంసన్ పరిగెత్తుకొచ్చాడు. “ఇప్పుడే పడుకున్నారక్కా. లేపితే తిట్టుకోరా?”

“తిట్టుకోనీరా,” అంది దయావతి, పక్క మంచం వైపు నడుస్తూ. “తిట్టాలంటే ఊపిరుండాలి కదా.”