మర్యాదగా వచ్చిన ఫోను

మా ఆవిడ సత్యలక్ష్మి కోపమొస్తే కేకలు వెయ్యదు, మర్యాద పెంచుతుంది. మామూలుగా "ఇదిగో, కూర మాడుతోంది, స్టవ్వు కట్టెయ్యండి" అనే మనిషి, కోపం ముదిరితే "నమస్కారమండీ, తమరు భోజనానికి దయచేస్తారా" అంటుంది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అలాంటి నమస్కారాలు నాలుగైదు అందుకున్నాను. ప్రతిసారీ తప్పు నాదే.

ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. సీరియళ్లలో అత్తలకీ, సినిమాల్లో తల్లులకీ గొంతు ఇస్తుంది. పని రోజూ ఉంటుంది, ఏ రోజు డబ్బులు ఆ రోజే చేతికొస్తాయి. నేను అచ్యుతరామయ్యగారి సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్ని. సాయంత్రం షూటింగ్ పేకప్ కాగానే లైట్‌మెన్ దగ్గర్నుంచి మేకప్ వాళ్ల దాకా అందరికీ ఆ రోజు బత్తా డబ్బులు పంచేది నేనే. నా జీతం మాత్రం సినిమా విడుదలయ్యాక. ఆ విడుదల ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఫిలింనగర్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నవాణ్ణి, నాకీ పద్ధతి కొత్త కాదు. ఇల్లాలి సంపాదన మీద కూర్చుని తింటున్నాననే బాధే పోయేది కాదు.

అందుకే కిందటేడు ఉగాదికి వాయిదాల మీద వాషింగ్ మెషీన్ కొన్నాను. ఆధార్ కార్డు చూపించి ఫోన్లో నాలుగు చోట్ల నొక్కితే, చేతిలోంచి పైసా కదలకుండా మెషీన్ ఇంటికొచ్చేసింది. అప్పు చేశానని చెప్పడానికి నోరు రాలేదు. "అచ్యుతరామయ్యగారు నా పని మెచ్చి ఇచ్చారు" అన్నాను. సత్యలక్ష్మి మెషీన్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "పోన్లెండి, ఇన్నాళ్లకి గుర్తించారు" అంది. ఆ ఒక్క మాటతో నేను గాల్లో తేలిపోయాను. అదే ఊపులో ఆమె పుట్టినరోజుకి కొత్త ఫోన్ కొని, ఆ ఘనత కూడా ఆయనకే కట్టబెట్టాను. నిజానికి అచ్యుతరామయ్యగారు ఎవరికీ కప్పు టీ కూడా ఊరికే ఇప్పించిన పాపాన పోలేదు.

అంతకుముందు సినిమాకి వచ్చిన జీతంతో ఇన్నాళ్లూ వాయిదాలు నెట్టుకొచ్చాను. మొన్న మేలో రావాల్సిన సినిమా విడుదల దసరాకి జరిగిపోయింది. జూన్ వాయిదా కట్టడానికి నా దగ్గర డబ్బుల్లేవు. సత్యలక్ష్మిని అడిగితే గుట్టు బయటపడుతుంది. పనిమంతుడిగా నాకు ఆమె దగ్గర ఉన్న ఆ కాస్త విలువా పోతుంది. ఏం చెయ్యాలో తోచక ఊరుకున్నాను.

పదో తారీఖున జూబ్లీహిల్స్‌లో కంపెనీ ఆఫీసు ముందు నిలబడి ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నమస్కారమండీ. మీ వాయిదా గడువు దాటి ఐదు రోజులైంది."

సత్యలక్ష్మి గొంతే, అనుమానం లేదు. స్టూడియోల్లో ఎవరి ఫోనో అడిగి తీసుకుని మాట్లాడటం ఆమెకి అలవాటే.

"సత్యా, నేనే చెబుదామనుకుంటున్నాను" అన్నాను.

"తమరు ఈ విషయాన్ని నిర్లక్ష్యం చేయరని మా నమ్మకం."

"నిర్లక్ష్యం కాదు, జీతం రాలేదు. అవి ఆయన ఇచ్చినవి కావు, నేనే కొన్నాను."

"ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ మాటలు పట్టించుకోనక్కర్లేదు. ధన్యవాదాలు."

ఫోన్ పెట్టేసింది. నమస్కారంతో మొదలుపెట్టి ధన్యవాదాల దాకా వెళ్లిందంటే ఇది మామూలు కోపం కాదు. తిరిగి చేస్తే ఆ నంబరు కలవలేదు. కంపెనీ కారు తుడుస్తున్న డ్రైవర్ రాములు నా వాలకం చూసి దగ్గరికొచ్చాడు.

"ఏమైంది సార్, గట్లున్నరు?"

"ఇంట్లో అబద్ధం బయటపడింది రాములూ."

"గింతేనా. పోయి ఉన్నదున్నట్టు చెప్పున్రి సార్. జర తిడ్తది, మళ్ల అన్నం పెడ్తది."

మధురానగర్‌లోని మా ఇంటికి చేరేసరికి సత్యలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా మొత్తం చెప్పేశాను. మెషీన్, ఫోను, ఆపైన సినిమా ఫంక్షన్‌కని నేను కొనుక్కుని ఆఫీసు సొరుగులో దాచిన నల్లకళ్లద్దాలు, బూట్లు.

"ఇంతకీ నేను మీకు ఫోనెప్పుడు చేశాను?" అంది.

"పొద్దున చేశావుగా, గడువు దాటిందని."

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"అది కిందటి శ్రావణంలో ఏదో ఫైనాన్స్ వాళ్లకి చేసిన రికార్డింగండీ. డబ్బులు కట్టని వాళ్లందరికీ అదే వెళుతుంది. సరేగానీ, ఈ కళ్లద్దాలూ బూట్లూ ఏంటి? ఇవి నాకు తెలీదే."

"మిగతావి తెలుసా?"

"మెషీన్ బిగించడానికొచ్చినతను అడిగాడు, వాయిదాలు ఎన్ని నెలలకి పెట్టుకున్నరమ్మా అని. మీరప్పుడు స్నానం చేస్తున్నారు. తర్వాత ఫోనొచ్చినప్పుడు అదీ అంతేనని ఊహించాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడాది పైగా నేను నిర్మాతగారి ఔదార్యం వర్ణిస్తుంటే ఈవిడ తలూపుతూ విన్నదన్నమాట. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడగాలనే ఉండేది. ఆ రికార్డింగ్‌లో తొమ్మిది టేకులయ్యాయి, ఇంకాస్త గట్టిగా చెప్పండి మేడమ్ అంటాడు సౌండ్ ఇంజనీరు. ముక్కూమొహం తెలీనివాళ్ల మీద నాకు కోపమెలా వస్తుంది? చివరికి మీతో చెబుతున్నాననుకుని చెప్పాను. వెంటనే ఓకే అన్నాడు."

"అదేదో ఇంటికొచ్చి నాతోనే అనొచ్చుగా."

ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"అనబుద్ధి కాలేదండీ. మెచ్చి ఇచ్చారని చెప్పేటప్పుడు మీ మొహం ఎంత వెలిగిపోయిందో మీకు తెలీదు. ఆయన ఇవ్వలేదు సరే, మీరు చేసే చాకిరీకి ఇవ్వాల్సిందేగా. అందుకే అది పూర్తిగా అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, ఇక మీదట ఏం కొన్నా తనకి చెప్పి కొనమంది.

మర్నాడు పొద్దున్నే ఆ నెల వాయిదా ఆమె కట్టింది. నేను పక్కనే కూర్చుని, ఆమె బ్యాంకు కార్డు మీది అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాను.