రేకు బిళ్ల

గోధుమపిండి జిగురు ఉడికేలోగా బాముసి చికోపా నాలుగు పుస్తకాల్లో పేజీలు కోసేశాడు. జోంబా పట్నం గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్లుగా అతని పని అదే. జనం చదవకూడదని సర్కారు తేల్చిన పేజీల చీటీ నెలనెలా పైనుంచి వస్తుంది. అందులో రాసిన పేజీలను గోరంత అంచు వదిలి బ్లేడుతో కోసి, ఆ అంచును పక్క పేజీకి అంటించాలి. జిగురు ఎండీ ఎండీ అతని బొటనవేళ్లు పాత డోలు తోలులా పగిలి ఉంటాయి. కోసేటప్పుడు చదివేవాడు కాదు. మేక కళ్లలోకి చూస్తే కసాయి కత్తి ఆడదని అతని నమ్మకం.

ఐదో పుస్తకం దగ్గర చూపు జారింది. ఎవరో కల్పించిన నవల. లేనే లేని దేశం. అక్కడ మెడలో రేకు బిళ్ల లేనివాళ్లను బావిలో నీళ్లు తోడుకోనివ్వరు. కడుపులో బిడ్డకు కూడా ముందే బిళ్ల కొనాలి. కుండ పట్టుకుని ఓ పిల్ల వరసలో నిలబడి ఉంది, మెడ బోసిగా.

బ్లేడు కింద పెట్టాడు. ఏళ్ల కిందట, నెలలు నిండిన అతని భార్యను పార్టీవాళ్లు అంగడి వాకిట ఆపి, తనకొకటి, కడుపులో బిడ్డకొకటి, రెండు పార్టీ కార్డులు కొనిపించారు. కార్డులు రెండూ ఇంటికొచ్చాయి. బిడ్డ రాలేదు.

"ఏంటి బాబాయ్, కత్తి ఆగింది? చదువుతున్నావా, మొక్కుతున్నావా?" గ్రంథాలయాధికారిణి నసిబెకో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ రాసినాయన మన బస్టాండుకెప్పుడొచ్చాడమ్మా? వాళ్లది రేకు, మనది అట్ట. అంతేగా తేడా!"

ఆమె వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "మెల్లగా! ఇక్కడి గోడలకి చెవులే కాదు, జీతాలు కూడా ఉన్నాయి."

"ఆ పిల్లకి నీళ్లు దొరికాయో లేదో చూసుకోనీ తల్లీ. రేపు కోస్తాను."

"పొద్దున్నే కొయ్యి మరి. కోసేశావని చీటీ మీద ఇవాళే సంతకం పెడుతున్నా. నా మెడ నీ చేతిలో ఉంది, బాబాయ్."

పని ముగిసే గంట మోగేదాకా, ఒక్కో మాటా వేలితో తడుముతూ చదివాడు. గంట మోగగానే జేబులో చేతికందిందేదో గుర్తుగా పెట్టి, పుస్తకాన్ని బల్ల కిందికి తోశాడు.

బస్టాండులో ఎర్రచొక్కాల పార్టీ కుర్రాళ్లు అడ్డు నిలబడ్డారు. "కార్డు తియ్యి, తాతా."

జేబు తడుముకున్నాడు. కళ్లద్దాలే తగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది, పుస్తకంలో పెట్టింది ఏమిటో. నాయకుడి బొమ్మ ఉన్న కార్డు, కోయాల్సిన పేజీల మధ్య.

"ఎక్కడ పెట్టావో చెప్పు. తోడొస్తాం, తెచ్చుకుందువు."

వెళ్తే పుస్తకం బయటికొస్తుంది. దాని వెనకే నసిబెకో సంతకం. బస్సు అప్పటికే ఉరుముతోంది. ఇంటి దగ్గర భార్య ఉసిపా చేపలు వేయించి, మొక్కజొన్న పిండితో న్సిమా సంకటి గెలికే వేళ.

"పోయింది నాయనా."

"పోయిందా! పెళ్లాన్ని పోగొట్టుకున్నా ఊరుకుంటాం గానీ, పెద్దాయన బొమ్మనా?"

వరసలో ఒకరిద్దరు నవ్వారు, నవ్వకపోతే బాగోదని. పక్కనే ఆపి ఉంచిన పార్టీ వ్యాను మెట్టు ఎత్తుగా ఉంది. ఎవరూ చెయ్యందించలేదు. మోకాలు పట్టుకుని తనే ఎక్కాడు. బస్సు అతను లేకుండానే కదిలింది. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు.

మర్నాడు తొమ్మిదైనా బల్ల ఖాళీగానే ఉంది. గిన్నెలో జిగురు మీద తెట్టు కట్టింది. నసిబెకో వంగి, బల్ల కింద నుంచి పుస్తకం తీసింది. పిల్ల బావి గట్టు ఎక్కే పేజీలో, జిగురు వేలిముద్రతో అతని కార్డు.