వాపస్

జప్తుకు వచ్చిన కచేరీ అమీను, ఆయతి ఎద్దుల్ని విప్పి తోలుకుపోతుంటే ఊరంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది. నాలుగు రోజుల కిందట గెలిచామని ఇప్పసారా పంచుకున్న ఊరు అది.

బస్తర్‌లో రాజుగారి ఏలుబడి నడుస్తున్న రోజులు. శబరి ఒడ్డున వీళ్ల చేలను సావుకారు ఈశ్వరరావు కాజేస్తే, పన్నెండు ఇళ్లవాళ్లూ ఆయతి మొగుడు సుక్రాం పేరు ముందు పెట్టి దావా వేశారు. ఆరు నెలలు తిరిగాక వాళ్ల వకీలే ఒక కాగితం తెచ్చి, "దావా వాపస్. వేలిముద్రలు వేయండి" అన్నాడు.

ఊళ్లో హిందీ తెలిసింది ఆయతి ఒక్కదానికే. సంతలో చింతపండు అమ్ముతూ నేర్చుకుంది.

"వాపస్ అంటే తిరిగిచ్చుడే. చేను మనకొస్తది" అంది.

అందరూ నవ్వుకుంటూ బొటనవేళ్లకు సిరా పూసుకున్నారు.

సావుకారు తమ వకీలునే కొనేశాడని వాళ్లకేం తెలుసు? దావా తామే వాపస్ తీసుకుని మానుకుంటున్నామని ఆ కాగితంలో రాసుంది. మానుకున్నవాళ్లే ఎదుటివాడి కోర్టు ఖర్చులు కట్టాలట. సావుకారు వకీలు ఫీజు, బండి కిరాయి, చివరికి పట్నంలో సావుకారు తిన్న అన్నం కూడా! నేల పోగొట్టుకున్నవాళ్లే దొంగకు భోజనం పెట్టాలన్నమాట. థూ, ఇదొక న్యాయం!

ఎద్దులు చాలలేదన్నారు. మొదటి పేరని సుక్రాంను జైల్లో వేశారు. పద్దెనిమిదో రోజున జ్వరంతో పోయాడు.

"నేనే సంపిన. నా మాటే సంపింది" అని ఆయతి శవం మీద పడి ఏడ్చింది.

"నువ్వొక్కదానివేంది బిడ్డా? ఏలు పెట్టింది అందరం" అన్నాడు ముసలి హిడ్మా. అయినా ఆమె గుండెమంట ఆరలేదు.

దినం కాకముందే సావుకారు గుమాస్తా అమీనును వెంటబెట్టుకుని వచ్చాడు.

"చేలతో సంబంధం లేదని ముద్రలు వేస్తే మిగతా ఖర్చు మాఫ్. లేదంటే రెండో పేరు హిడ్మాది. జైలుకే."

ఆయతి లేచింది. "దీంట్ల వాపస్ ఉందా?"

"నీకెందుకే?"

"నా మొగణ్ణి వాపస్ ఇస్తడా మీ సావుకారు?"

గుమాస్తా ఆమె చెయ్యి పట్టి సిరా మీదికి లాగాడు. ఆయతి బొటనవేలు లోపలికి ముడిచి పిడికిలి బిగించింది. అతను ఎంత పెనుగులాడినా విప్పలేకపోయాడు. హిడ్మా తన వేలు ముడిచాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు, ఊరంతా ముడిచారు.

అమీను హిడ్మా చేతులకు తాడు కట్టాడు.

"మూడో పేరు నాది. నన్నూ కట్టు" అన్నాడు బుధ్రాం.

"నాలుగోది నాది" అంది లక్మే.

తాడు చాలలేదు. పన్నెండు ఇళ్లవాళ్లూ కచేరీ దారి పట్టారు. ఆయతి ఏడుస్తూనే ముందు నడిచింది. ఒక్కరూ పిడికిలి విప్పలేదు.